పాల క్యానులో ఉప్పు నీళ్ళు

మొన్న దసరా సెలవుల్లో మా అత్త కొడుకు, ఊహ తెలిశాక మొట్టమొదటిసారి మా ఊరికి వచ్చాడు. మరుసటి ఉదయం పెరట్లో కొళాయి తిప్పి, అది పారుతుండగానే పళ్ళు తోముకుంటూ, దూరంగా కనబడే గుత్తి కోట వైపు చూస్తూ నిలబడ్డాడు. వంటింట్లోంచి అమ్మ, అరుగు మీది నుంచి నాయన, గదిలోంచి నేను, ముగ్గురం ఒకేసారి లేచి పెరట్లోకి వచ్చాం. ఎవరూ ఎవరినీ పిలవలేదు. నాయన ముందు చేరుకుని కొళాయి కట్టేశాడు.

"ఏమైంది బావా? పామా?" అన్నాడు వాడు నోటి నిండా నురుగుతో, రెండు కాళ్ళూ మార్చి మార్చి ఎత్తుతూ.

"ఏం లేదులే, తోముకో," అన్నాను.

వాడి సంచిలోంచి ఒక పాత అల్యూమినియం పాల క్యాను బయటపడింది. ఒక పక్క సొట్ట, మూతకు గుడ్డ చుట్టిన గుర్తు. "అమ్మ ఇచ్చింది. మోకాళ్ళ నొప్పులతో తాను రాలేదంట. మీ బోరింగు ఉప్పు నీళ్ళు దీంట్లో తెమ్మనింది," అన్నాడు.

నాయన ఆ క్యాను చేతిలోకి తీసుకుని బొటనవేలితో సొట్టను తడిమాడు. ఆ సొట్ట ఎలా పడిందో మా ఇద్దరికీ తెలుసు.

నేను చదివింది, ఇప్పుడు చేస్తున్నది పైపుల పని. నీళ్ళు ఎంత ఎత్తు నుంచి దిగితే ఎంత ఒత్తిడి వస్తుందో, ఎక్కడ కవాటం పెట్టాలో లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగం. కానీ నీళ్ళ గురించి నాకు తెలిసిన మొదటి పాఠాలన్నీ చిన్నప్పుడు మా వీధి మలుపులో ఉన్న చేతి బోరింగు దగ్గరే నేర్చుకున్నాను. ఆ పాఠాలు ఒక వరుసలో ఉండేవి. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు. కూరగాయలు కడిగిన నీళ్ళు అంట్లకు. అంట్లు తోమిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు. ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు అరుగు ముందు దుమ్ము అణచడానికి. ఈ వరుస తప్పితే అవ్వ చేతిలో చీపురు కట్ట తిరగబడేది.

ఆ బోరింగు నీళ్ళు ఉప్పగా, కొంచెం చేదుగా ఉండేవి. ఎవరో వచ్చి దాని మూతికి ఎర్ర రంగు పూసి, తాగొద్దని చెప్పి వెళ్ళారు. ఊరికి వేరే నీళ్ళు లేవు కాబట్టి ఆ రంగు ఎండకు వెలిసిపోయేదాకా మేము వాటినే తాగాం. మా పళ్ళ మీది గోధుమరంగు గార ఆ నీళ్ళు వేసిందే. ఎండాకాలంలో చుట్టాల ఇళ్ళకు పోయేవాళ్ళు తమ తాగునీళ్ళు తామే మోసుకుపోవడం మా వైపు మర్యాద. అన్నం పెట్టమని అడగొచ్చుగానీ నీళ్ళు అడగకూడదు.

అందుకే అత్తకు పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు అవ్వ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మీ బావిలో నీళ్ళు ఎంత లోతులో ఉండాయి?" భూమి గురించి, ఇంటి గురించి తర్వాత. చివరికి దూరపు చుట్టాల్లో ఒక సంబంధం కుదిరింది. వాళ్ళ తాతలు ఏదో కరువులో ఊరు విడిచి, పడమటి కొండల్లో పోక తోటల్లో పనికి కుదిరి అక్కడే ఉండిపోయినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. పిల్లవాడు తోట యజమాని కారు నడుపుతాడు. పెళ్ళి మా ఊళ్ళోనే జరిగింది. అవ్వ ఆ ఊరు చూడలేదు. అయినా బోరింగు దగ్గర బిందెల వరుసలో నిలబడి రోజూ చెప్పేది.

"మా పాప ఇంటెనక నీళ్ళు రాత్రీ పగలూ పోతానే ఉంటాయంట."

"పోతానే ఉంటే యాడికి పోతాయక్కా? అబద్ధానికైనా అడ్డూఆపూ ఉండొద్దా?" అనేది వెనక బిందె ఆమె. అందరూ నవ్వేవాళ్ళు. అవ్వకు కోపం వచ్చి బోరింగు మరింత గట్టిగా కొట్టేది. ఆమె కొట్టే తీరు ఎవరికీ రాదు. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు, మళ్ళీ పొడుగ్గా ఒకటి. ఇంట్లో కూర్చుని చప్పుడు వింటే చాలు, ఆ వంతు మా అవ్వదేనని తెలిసేది.

అత్తకు ఏడో నెల వచ్చింది. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి. ఒడి నింపి పిలుచుకురావడానికి అవ్వ, నాయన బయలుదేరారు. ఆ ఏడు చెనక్కాయకు ఊడలు దిగలేదు. పెరికేందుకు కాయలు లేక తీగలు పశువులకు వేశాం కాబట్టి నాయనకు పొలంలో పని లేదు. లాగు గుండీలు నేనే పెట్టుకోగలను కాబట్టి నన్నూ తీసుకెళ్ళమని ఏడ్చాను.

సామాను ఇలా ఉండేది. ఒడి బియ్యం, చీర, గాజులు ఒక పెట్టెలో. నెయ్యి వాసన బయటికి తన్నుకొచ్చే ఓళిగలు ఒక డబ్బాలో. సద్ద రొట్టెలు, నంజుకునేందుకు ఊరిబిండి ఒక గుడ్డ మూటలో. ఇవి కాక, బోరింగు నీళ్ళతో అంచుల దాకా నింపి, మూతకు తడిగుడ్డ చుట్టి బిగించిన పాల క్యాను.

"నీళ్ళకి కొదువ లేని ఊరికి నీళ్ళు మోసుకపోతావా మా?" అన్నాడు నాయన.

"కొదువ లేదని నువ్వు చూసినావా? నేను చూసినానా? ఆళ్ళు చెప్పినారు, అంతే. మన నీళ్ళు మన దగ్గర ఉండనీ," అంది అవ్వ. వరుసలో నిలబడి రోజూ చెప్పిన మాటను ఆమె పూర్తిగా నమ్మలేదని నాకు ఆ రోజే తెలిసింది.

గుత్తి దగ్గర జంక్షన్లో సాయంత్రం రైలెక్కాం. కిటికీలోంచి కోట కొండ చివరిదాకా కనబడింది. అప్పటిదాకా కొండంటే నాకు అదే. ఎండకు కాగి, సందుల్లో ముళ్ళ కంప తప్ప ఏమీ మొలవని పెద్ద రాయి. కొండంటే రాయి అని, రాయంటే వేడి అని అనుకునేవాణ్ణి.

తెల్లవారి కళ్ళు తెరిచేసరికి రైలు ఒక చిన్న స్టేషన్లో ఆగి ఉంది. చలిగా ఉంది. ఇనుము కాలిన వాసన, దాని వెనక నాకు తెలియని ఇంకేదో పచ్చి వాసన. అక్కడి నుంచి ఘాటు దిగుడు అని, అందుకే బ్రేకులు చూస్తున్నారని నాయన చెప్పాడు. రైలు కదిలింది. నడవడం లేదు, కొండ మెడను పట్టుకుని జారుతోంది. ఒక పక్క గోడలా కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోట తెల్లటి మంచు, మంచు కింద చెట్ల తలలు, వాటి కింద ఇంకా చెట్ల తలలు. నేల ఎక్కడుందో కనబడలేదు.

సొరంగంలోకి దూరినప్పుడు పెట్టెలో అందరూ అరిచారు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టాను. చీకట్లో చేతి మీద చల్లగా చుక్కలు పడ్డాయి. సొరంగం పైకప్పు కారుతోంది. నాయన మా పొలంలో వేయించిన బోర్లన్నింట్లోనూ తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రిగ్గు కింద నిలబడి ఆ దుమ్ము మీద పడుతుంటే ముఖం తుడుచుకోకుండా చూస్తూ ఉండిపోయేవాడు. ఇక్కడ కొండకు అడ్డంగా బొక్క పెడితే పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. నాయన కూడా చెయ్యి బయటపెట్టాడు. సొరంగం దాటాక అరచేయి చూసుకుని, చొక్కాకు తుడుచుకోబోయి, మానుకుని, నాలుకతో నాకాడు.

"చప్పగా ఉండాది," అన్నాడు మెల్లగా.

తర్వాత జలపాతం వచ్చింది. ముందు చప్పుడు. రైలు చప్పుడును మింగేసే చప్పుడు. మలుపు తిరగ్గానే ఆకాశంలోంచి కొండ పొడుగునా తెల్లగా దూకుతూ, మా పట్టాల కిందుగా దూరి, అవతలి లోయలోకి పోతున్న నీళ్ళు. తుంపర కిటికీల్లోంచి వచ్చి మా జుట్టు తడిపింది. అవ్వ చేతులు జోడిస్తుందనుకున్నాను. ఆమె గబగబా సంచి విప్పి చెంబు తీసి, కమ్మీల సందులోంచి బయటికి చాపింది. మా వైపు నుంచి ఎక్కిన మరో ఇద్దరు ముసలమ్మలు కూడా గ్లాసులు చాపారు. ఎవరికీ గుక్కెడు కూడా దొరకలేదు.

"ఇదంతా యాడికి పోతాది?" అంది అవ్వ, చెంబు అడుగున తడి చూసుకుంటూ.

"సముద్రానికి."

"ఎవురూ నిలబెట్టరా?"

"ఇంత నీళ్ళని ఎవురు నిలబెడతారు మా?"

"అడిగేటోడు లేకపోతే సరి. ఇడిసిపెట్టినారు, దొంగ ముండాకొడుకులు!" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం అప్పుడు చూశాను. అది భక్తో, కోపమో నాకు అర్థం కాలేదు.

కొండ దిగువ స్టేషన్లో మామ కారుతో నిలబడి ఉన్నాడు. తెల్ల అంబాసిడర్, లోపల పోకల వాసన, పెట్రోలు వాసన, తడిసిన సీట్ల వాసన. క్యాను ఎత్తబోయిన మామ బరువుకు ఆశ్చర్యపోయాడు.

"ఏముందత్తా దీంట్లో? నెయ్యా?"

"నీళ్ళప్పా."

మామ నవ్వు ఆపుకోవడానికి డిక్కీ తలుపు వెనక్కు వెళ్ళాడు. తలుపు వేసేటప్పుడు అది క్యానుకు తగిలి సొట్ట పడింది. అవ్వ దిగి మూత చూసి, చుక్క కారలేదని నమ్మకం కుదిరాకే మళ్ళీ ఎక్కింది.

దారి పాములా మెలికలు తిరుగుతూ మళ్ళీ పైకి ఎక్కింది. ప్రతి మలుపులో ఒక వాగు. బండల మీద నాచు, నాచు మీద నీళ్ళు. ఆకుల చివర్లు, తీగల చివర్లు, రోడ్డు పక్క రాళ్ళు కూడా కారుతున్నాయి. మొదట నేను వాగులు లెక్కపెట్టాను. కొంతసేపటికి లెక్క వదిలేశాను. లెక్కపెట్టదగినది ఏదైనా దొరికితే వదలడం నా స్వభావం కాదు. అవ్వ ముందు సీటు పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి చూస్తూ కూర్చుంది.

అత్త వాకిట్లోనే ఉంది. బొద్దుగా, తెల్లబడి, వేరే మనిషిలా ఉంది. నవ్వినప్పుడు మాత్రం పళ్ళ మీది గార మా ఊరిదే. అవ్వను పట్టుకోకముందే క్యానును చూసింది.

"బోరింగువేనా?"

"ఇంకేటివి?"

అత్త అరుగు మీద కూలబడి, మూత గుడ్డ విప్పి, చెంబు కోసం కూడా ఆగకుండా దోసిట్లో వంచుకుని తాగింది. గుటకలు బయటికి వినిపించాయి. ఇంటి వెనక ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు ఆగకుండా వస్తోంది. ఆ చప్పుడు వింటూ ఆమె మా ఉప్పు నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని ఏడ్చింది.

"నెల పట్నించి ఇవే తాగాలనిపిస్తాంది మా. ఈ ఊరి నీళ్ళు ఎంత తాగినా తాగినట్టే ఉండదు."

ఇంటి వెనక చూశాను. పైన కొండ ఊటలోంచి, నిలువునా చీల్చిన పోక బొంగుల్లో ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దిగుతూ నీళ్ళు వచ్చి, చివరి బొంగు నుంచి రాతి తొట్టిలో పడుతున్నాయి. తొట్టి నిండి, పొర్లి, తోటలోకి పోతున్నాయి. కవాటం లేదు. మూత లేదు. ఎవరూ అక్కడ లేరు. నేను ఒక చెంబు ముంచి, ఏ కారణమూ లేకుండా నేల మీద పోశాను. ఎవరైనా కొడతారేమో అని చుట్టూ చూశాను. ఎవరూ రాలేదు. ఇంకొకటి పోశాను. ఆ సాయంత్రం నేను మూడుసార్లు స్నానం చేశాను.

ఆ రాత్రి అవ్వకు ఆ చప్పుడుతో నిద్ర పట్టలేదట. మంచం మీద అటూఇటూ దొర్లుతూ, "పోతాండాయి... పోతాండాయి..." అనుకుందట. తెల్లవారుజామున ఇక ఉండలేక లేచి, పాత చీర ముక్కను గట్టిగా చుట్టి, చివరి బొంగు నోట్లో కుక్కింది. చప్పుడు ఆగింది. అప్పుడామె హాయిగా నిద్రపోయింది.

నీళ్ళు ఆపితే నిలబడవు, దారి మారుస్తాయి. ఇప్పుడైతే నేను దాన్ని బొమ్మ గీసి చెప్పగలను. పైన బొంగుల అతుకు దగ్గర పొర్లి, మట్టిని తోసుకుంటూ నేరుగా వాకిట్లోకి వచ్చాయి. వాకిట్లో ఆరబెట్టిన పోకలన్నీ తేలి, వాలు వెంట తోటలోకి దొర్లిపోయాయి. నీళ్ళపొయ్యి ఆరిపోయింది. మేము లేచేసరికి మామ వాళ్ళమ్మ మోకాళ్ళ దాకా చీరెత్తి బురదలో నిలబడి ఉంది. బొంగులోంచి గుడ్డ పీకి చూసింది. ఆ అంచు ఎవరి చీరదో అందరికీ తెలుసు.

"ఏమ్మా, పారే నీళ్ళకి దారం కట్టాలనుకుంటివా?"

"ఊరికే పోతాండాయి కదా అని..." అంది అవ్వ. ఆమె గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

"పోనీలే అంటే పోతాయి. వద్దంటే ఇంట్లోకొస్తాయి," అని ఆమె ఒక్క క్షణం ఆగి, అవ్వ ముఖం చూసి పకపకా నవ్వింది. "రాండి, పోకలేరుకుందాం. ముప్పొద్దు పని పెట్టినావు మాకు!"

పొద్దెక్కేదాకా అందరం వాలు వెంట వంగి పోకలు ఏరాం. అత్త మాత్రం అరుగు మీద కూర్చుని నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. అవ్వ ఏరుతూ ఏరుతూ తొట్టి దగ్గర ఆగి, నీళ్ళలో మోచేతుల దాకా చేతులు పెట్టి నిలబడిపోయింది. చాలాసేపటి తర్వాత వచ్చి, అత్త ఒడి నింపడానికి తెచ్చిన బియ్యం మూట తీసి పక్కన పెట్టింది.

"పాపను ఈన్నే ఉండనీండి," అంది. "నేను పిల్చకపోను."

అత్త నవ్వు ఆగిపోయింది. "ఎందుకు మా?"

"బాలింత స్నానానికి రోజూ కాగు నిండా నీళ్ళు కావాల. ఆడ బిందెకి కొట్లాడే కాడ యాడ తేవాల? బిడ్డ గుడ్డలు దేంతో ఉతకాల? బిడ్డకు ఆ ఎర్రమూతి నీళ్ళు తాపియ్యాల్నా? నీ పళ్ళు చూసుకో, నా పళ్ళు చూసుకో. బిడ్డకి ఈ గార వద్దు."

"నాకు నీళ్ళొద్దు! నేనొస్తా!" అత్త లేచి నిలబడింది. "నన్ను నీళ్ళున్న ఊరికిచ్చినానని ఊరంతా చెప్పుకుంటివి. మనుషులున్న ఊరికి ఇయ్యలేదు కదా! నాకు భయంగా ఉండాది మా. నొప్పులొస్తే ఈ తొట్టిని పట్టుకొని ఏడ్చాల్నా?"

తొట్టిలో నీళ్ళు పడుతున్నాయి. అవ్వ నాయన వైపు చూసింది, తర్వాత వియ్యపురాలి వైపు.

"అట్లైతే నేనే ఉంటా," అంది.

"అల్లునింట్లోనా?" నాయన గొంతు పెరిగింది. "తొలి కానుపుకి తల్లి పోయి అల్లునింట్లో కూర్చున్నాదంటే ఊర్లో ఏమంటారు?"

"ఏమన్నా అననీ. ఆళ్ళ నోట్లో నీళ్ళు లేవు, మాటలైనా ఉండనీ." వియ్యపురాలి వైపు తిరిగింది. "ఊరికే తిననమ్మా. పోకలు ఒలిసేది నేర్పియ్యి."

"స్వల్ప కష్టమే, చేతులు నల్లబడతాయి," అంది ఆమె.

"నల్లగానే ఉండాయిలే."

అత్త కళ్ళు తుడుచుకుని నాయన వైపు చూసింది. "మరి బోరింగు నీళ్ళు? అమ్మ ఉంటే అయిపాయనా?"

"నేను తెస్తా పాపా," అన్నాడు నాయన. "ఈ క్యాను ఖాళీగా ఉండనియ్యను."

తిరుగు ప్రయాణంలో క్యాను నిండా ఆ కొండ నీళ్ళు తెచ్చాం. మా ఊళ్ళో బోరింగు దగ్గర మూత తీసి అందరికీ తలా గుక్కెడు పోశాడు నాయన. బిందెలు దించి, గ్లాసులు తెచ్చి, కళ్ళు మూసుకుని తాగారు. చాలాసేపు నోట్లో తిప్పుకుని, అవ్వతో రోజూ వాదించే ఆమె చివరి తీర్పు ఇచ్చింది. "నీళ్ళున్నాయంటే నమ్ముతా. కానీ రుచి లేదప్పా, రోంత కూడా."

అత్తకు కొడుకు పుట్టాడు. అవ్వ ఆ చలికాలమంతా అక్కడే ఉంది. నాయన మాట తప్పలేదు. రైలెక్కి క్యానుతో వెళ్ళేవాడు, క్యానుతో వచ్చేవాడు. చివరిసారి అవ్వను పిలుచుకొచ్చినప్పుడు మాత్రం నిండు క్యాను అత్త దగ్గరే వదిలొచ్చాడు. అవ్వ తిరిగొచ్చాక చనిపోయేదాకా వరుసలో నిలబడి కొండల గురించి చెప్పింది. ఈసారి అబద్ధమని ఎవరూ అనలేదు. చీర ముక్క సంగతి మాత్రం ఆమె ఒక్కసారీ చెప్పలేదు.

ఇప్పుడు మా ఊరికి ఎక్కడో నది నుంచి పైపుల్లో నీళ్ళొస్తున్నాయి. ఇంటింటికీ కొళాయి ఉంది. తాగడానికి శుద్ధి చేసిన నీళ్ళ డబ్బాలు ఆటోలో వస్తాయి. పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. నా లాంటి పైపుల వాళ్ళు చేసిన మంచి పని అది. ఆ నీళ్ళు చప్పగా ఉంటాయి. బోరింగు వీధి మలుపులో అలాగే ఉంది. ఎర్ర రంగు ఎప్పుడో పోయింది. మీద పిల్లలు ఎక్కి ఆడుకుంటారు.

అత్త కొడుకుతో పాటు నాయన, నేను అక్కడికి నడిచాం. నాయన పిడి పట్టుకుని కొట్టాడు. ఇనుము కీచుమంది. మళ్ళీ కొట్టాడు. లోపల ఏదో దగ్గినట్టు గాలి వచ్చింది. నేను కొట్టాను. నీటిమట్టం ఎక్కడిదాకా దిగిపోయిందో నాకు తెలుసు, అయినా కొట్టాను. రాలేదు.

వాడు స్పీకరు పెట్టి అత్తకు ఫోను చేశాడు. "నీళ్ళు రాలేదమ్మా," అన్నాడు.

"ఎవురు కొడతాండేది?" అత్త గొంతు. ఆ గొంతు వెనక, ఎన్నేళ్ళయినా ఆగని ఆ తొట్టి చప్పుడు. పొద్దున వాడు కొళాయి ఎందుకు వదిలేశాడో నాకు అప్పుడు తెలిసింది. వాడు ఆ చప్పుడు మధ్య పుట్టాడు.

"నేనే పాపా," అన్నాడు నాయన. "ఎండిపోయినాది. క్యాను ఖాళీగానే వస్తాది. ఏం చేద్దాం చెప్పు?"

అవతల కొంతసేపు నీళ్ళ చప్పుడే వినిపించింది.

"ఫోను బోరింగు దగ్గర పెట్టమను. నువ్వు కొట్టన్నా."

నాయన కొట్టాడు. పొడుగ్గా ఒకటి. పొట్టిగా రెండు. మళ్ళీ పొడుగ్గా ఒకటి.

"అమ్మ కొట్టినట్టే ఉండాది," అంది అత్త. తర్వాత అడిగింది. "చేతులు నొస్తాండాయా?"

"లే."

"అట్లైతే ఇంకో నాలుగు కొట్టు."

నాయన అరచేతుల్లో ఉమ్మి వేసుకుని పిడి మళ్ళీ పట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే అత్త కొడుకు క్యాను మూత తీసి, బోరింగు మూతి కింద పెట్టి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.